రహబర్లకు తోడెవరు?

(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉర్దూ బడిలో పాఠాలు చెప్పుకొనేవారము. తెలుగులో మాట్లాడుమని కార్యదర్శి సాబ్ అడిగినప్పుడు కొంచెం జంకినాము. కాని మన ఇండ్లలో ఉర్దూ మాట్లాడే పిల్లలు చాలామంది ఉర్దూ చదవలేని రోజులు వచ్చినవి. ఈ సంచిక వాళ్ళ చేతిలో పడి నాలుగు పేజీలు తిరగవలెనంటే తెలుగే దారి అని వారన్నారు. అది నిజమే గనుక ఒప్పుకొన్నాము. భాషలో తప్పులు దొర్లితే మన్నించవలసినదిగా మనవి.

మనం రహబర్ అని పిలుచుకొంటున్న యువకుల గురించి, యువతుల గురించి చెప్పదలచినాము. తెలుగులో మార్గదర్శి అనవచ్చు. డిగ్రీ చదువుతూనో, పాలిటెక్నిక్ చదువుతూనో, మండీ బజారులో దుకాణం చూసుకుంటూనో, వారానికొకసారి ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పిల్లవాణ్ణి ఒకణ్ణి దగ్గర కూర్చోబెట్టుకొని, చదువెట్లా ఉన్నది, ఇల్లెట్లా ఉన్నది అని అడిగే అన్న, అక్క. జీతం లేదు, భత్యం లేదు. అటువంటివారు మన పిల్లలకు ఎందుకు అవసరమో ఈ సభలో ఎక్కువ చెప్పనక్కరలేదు. 2006 నవంబరులో వచ్చిన సచ్చర్ కమిటీ నివేదిక, 6 నుండి 14 ఏండ్ల ముస్లిం పిల్లలలో నూటికి 25 మంది బడిముఖం చూడనివారో, నడుమ మానినవారో అని చెప్పినది. ఆ తర్వాత మన రాష్ట్రంలో 2016లో 71 మైనారిటీ గురుకులాలు మొదలై, అవి 204కు పెరిగినవి. మేలు జరిగింది, కాదనలేము. అయినా గురుకులంలో సీటు దొరకని పిల్లలు, దొరికినా ఇల్లు విడిచి పోలేని పిల్లలు మన గల్లీలలోనే ఉన్నారు. ఉర్దూ మీడియంలో పది పాసైన పిల్లవాడు ఇంటర్‌లో చేరినాడంటే, మా దగ్గర కీమియా అని చదివినది అక్కడ కెమిస్ట్రీ అయి కూర్చుంటుంది. పాఠం ఇంగ్లీషులో, పక్కబెంచీ ముచ్చట తెలుగులో, ఇంట్లో మాట దక్కనీలో. మూడు నెలలు తలవంచుకొని కూర్చుంటాడు, నాలుగవ నెల కనబడడు. ఆ మూడు నెలలలో ఎవరో ఒకరు భుజంమీద చేయి వేయవలె. అందుకే రహబర్లు.

ఇంతవరకు అందరికీ సమ్మతమే. మా బాధ దీని తర్వాతి సంగతి గురించి.

కొన్నేండ్ల క్రితం మనం ఒక ఫంక్షన్ హాలులో ఇరవైమందికి పైగా యువతీయువకులను పిలిచి ఒకరోజు శిక్షణ ఇచ్చినాము. మీలో చాలామంది ఆ రోజు ఉన్నారు. పొద్దున ఉపన్యాసాలు, మధ్యాహ్నం బిర్యానీ, సాయంత్రం బ్యాడ్జీలు, ఫోటో. ఆ ఉపన్యాసాలలో మాది కూడా ఒకటి. నలభై నిమిషాలు మాట్లాడినాము. దయ, ఓపిక, సేవాభావం అని ఎన్నో చెప్పినాము. పిల్లవాడు ఏడిస్తే ఏమి చేయవలెనో మాత్రం చెప్పలేదు, ఎందుకనగా ఆ సంగతి మాకే అప్పటికి సరిగా తెలియదు. ఏడాది తిరిగేసరికి ఆ ఇరవైమందిలో నిలిచినవారిని ఒక చేతి వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. ఈకాలం పిల్లలకు నిలకడ లేదని కమిటీలో అనుకొన్నాము. మేమూ అన్నాము.

ఆ మాట ఎంత తప్పో మాకు తెలియజేసినది మా తొమ్మిదవ తరగతి పిల్లవాడొకడు. తండ్రి ఆటో నడుపుతాడు. మన రహబర్ ఒకరు, డిగ్రీ రెండవ సంవత్సరం చదివే అబ్బాయి, ప్రతి ఆదివారం మా బడి వేపచెట్టు కింద వాణ్ణి కూర్చోబెట్టుకొని లెక్కలు చెప్పేవాడు. రెండు నెలలు బాగా నడిచింది. పిల్లవాడి దస్తూరీ కూడా మారింది, మేము కళ్ళారా చూసినాము. ఒక ఆదివారం పిల్లవాడు గుండెలోని మాట చెప్పినాడు. ఇంట్లో గిరిగిరి ఫైనాన్సు అప్పు ఉన్నదనీ, వసూలుకు వచ్చేవాడు గడప దగ్గర నిలబడి తిడుతున్నాడనీ, అందుకని తాను రాత్రి పదకొండు దాకా బండ్ల షెడ్డులో పని చేస్తున్నాననీ, అబ్బాకు తెలియకుండా ఆ డబ్బు అమ్మీకి ఇస్తున్నాననీ చెప్పినాడు. మన అబ్బాయి ఆ రాత్రి నిద్ర పోలేదు. మరునాడు మంచి చేస్తున్నాననుకొని తిన్నగా పోయి తండ్రికి చెప్పినాడు. తండ్రికి సిగ్గయింది. ఆ సిగ్గు కోపమై పిల్లవాడి వీపుమీద పడింది.

ఆ తరువాత రహబర్ ముఖం చూపలేకపోయినాడు. పిల్లవాడు మాత్రం మూడు ఆదివారాలు నోటుబుక్కు పట్టుకొని చెట్టు కింద కూర్చున్నాడని వాచ్‌మన్ చెప్పినాడు. నాలుగవ ఆదివారం రాలేదు. పదిహేను రోజులకు బడికీ రాలేదు.

మేము మొదట ఆ అబ్బాయి దగ్గరకే పోయినాము, కొంత కోపంతోనే. "ఎందుకు మానేసినవు బేటా? పిల్లగాడు ఎదురుచూసిండు గదా" అని అడిగినాము. అతడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అన్నాడు: "సార్, ఆ ముచ్చట విన్నప్పుడు నేను ఎవర్ని అడగాలె? నాకేం తెలుసు? మీరు ఆ దినం బ్యాడ్జి పెట్టిన్రు, ఫోటో దిగిన్రు. మల్ల మీల ఒక్కరన్న కనబడ్డరా?"

మాకు జవాబు దొరకలేదు. ఇప్పటికీ దొరకలేదు.

అటునుండి షెడ్డుకు పోయినాము. పిల్లవాడు టైరు విప్పుతున్నాడు. చేతులు తుడుచుకొని సలాం చేసి, ముందుగా అడిగిన మాట తన గురించి కాదు. "భాయి మంచిగున్నడా సార్? నేను చెప్పుడే తప్పయింది. అందుకే భాయి కోపం చేసిండు" అన్నాడు. అన్న రాకపోవడానికి కారణం తానే అని ఆ పసివాడు తీర్పు చెప్పుకొన్నాడు. ఎంత చెప్పినా వినలేదు. బడికి తిరిగి రాలేదు.

ఇది మన ఊరి ముచ్చట మాత్రమే అనుకోవద్దు. అమెరికాలో 1904 నుండి, న్యూయార్కు బాలల కోర్టు గుమాస్తా ఎర్నెస్ట్ కూల్టర్ మొదలుపెట్టినప్పటినుండి, పెద్ద అన్న అనే పద్ధతి నడుస్తున్నది. అక్కడ జీన్ గ్రాస్‌మన్, జీన్ రోడ్స్ అనే ఇద్దరు పరిశోధకులు 2002లో ఒక సంగతి ప్రకటించినారు. అన్నతో ఒక సంవత్సరం, ఆ పైన గడిపిన పిల్లలకు అన్నిటికంటె ఎక్కువ మేలు కలిగింది. మూడు నెలల లోపలే తెగిపోయినచోట పిల్లలకు తమమీద తమకున్న నమ్మకం, అసలు అన్నే దొరకని పిల్లలకంటె కూడా ఎక్కువగా దిగజారింది. అనగా సగంలో విడిచిన సేవ సున్నా కాదు, సున్నాకంటె తక్కువ. లెక్కల మాస్టరు కాకపోయినా ఈ లెక్క మాకు అర్థమైంది. వేపచెట్టు కింద చూసినాము గనుక.

అదే సంవత్సరం డేవిడ్ డుబోయిస్, ఆయన సహచరులు 55 అధ్యయనాలను ఒకచోట చేర్చి పరిశీలించినారు. ఇటువంటి పథకాల మేలు మొత్తంమీద కొద్దిపాటిదే అని నిజాయితీగా చెప్పినారు. కాని రహబర్లకు పని మొదలైన తర్వాత కూడా శిక్షణ సాగినచోట, ఎంత తరచుగా కలవవలెనో ముందే చెప్పినచోట, తల్లిదండ్రులను కలుపుకొన్నచోట, పని ఎట్లా నడుస్తున్నదో ఒకరు చూస్తూ ఉన్నచోట మేలు పెరిగిందని తేల్చినారు.

దీనికి అమెరికాదాకా పోనక్కరలేదని మీరనవచ్చు. నిజమే. ఆ పిల్లవాడున్న షెడ్డులోనే చూడండి. ఉస్తాద్ షాగిర్దును మొదటిదినమే ఇంజను మీదికి పంపుతాడా? మొదట పానాలు అందించుమంటాడు. తరువాత పంక్చరు, తరువాత బ్రేకు. మొదటిసారి కార్బురేటరు విప్పించినప్పుడు పక్కనే నిలబడతాడు, చేతిమీద ఒకటి వేస్తాడు కూడా. (అది మేము సిఫారసు చేయము.) ఏండ్ల తర్వాత సొంత షెడ్డు పెట్టుకొన్నవాడు కూడా కొత్తరకం బండి వస్తే ఉస్తాద్ దగ్గరకు పోయి అడుగుతాడు. ఇనుప ఇంజనుకు ఇంత జాగ్రత్త. మనం ప్రాణమున్న పిల్లవాణ్ణి ఒకరోజు ఉపన్యాసం విన్న ఇరవై ఏండ్ల అబ్బాయి చేతిలో పెట్టి ఇంటికి పోయినాము.

ఆ సంఘటన తర్వాత ఎవరి తీర్మానమూ లేకుండానే ఒక చిన్న పని మొదలుపెట్టినాము. మిగిలిన ఐదారుగురు రహబర్లను నెలకొకసారి, రెండవ ఆదివారం, అసర్ నమాజు తర్వాత మా బడి వరండాలో కూర్చోబెట్టుతున్నాము. ఆడపిల్లలు మగ్రిబ్ లోపల ఇల్లు చేరవలె గనుక గంటన్నరకు మించదు. ఉపన్యాసం లేదు. ఆ నెలలో తన పిల్లవాడితో ఎక్కడ ఇరుక్కొన్నారో ఒక్కొక్కరు చెప్పవలె, మిగిలినవారు వినవలె. పేర్లు చెప్పరాదు. అక్కడి మాట వరండా దాటరాదు.

మొదటి నెల ఎవరూ నోరు విప్పలేదు. అంతా బాగున్నది సార్ అన్నారు. రెండవ నెల ఒక అబ్బాయి గొంతు సవరించుకొని, తన పిల్లవాడికి ఐదువందలు చేబదులిచ్చినాననీ, ఇప్పుడు వాడు ఆదివారం రావడం పుస్తకం కోసమా డబ్బు కోసమా తెలియడం లేదనీ చెప్పినాడు. అప్పుడు ఇంకో ఇద్దరు, మేమూ ఇచ్చినాము అన్నారు! ఆనాటినుండి రహబర్ సొంత డబ్బు ఇవ్వరాదు, అవసరముంటే సొసైటీకి చెప్పవలె అనే నియమం వాళ్ళే పెట్టుకొన్నారు. మేము ఉపన్యాసంలో ఈ మాట చెప్పి ఉంటే ఒక్కరూ పాటించేవారు కాదు.

ఇంకొక నెల ఒక అమ్మాయి, తాను చూసే పదవ తరగతి పిల్లకు పెండ్లిచూపులు జరుగుతున్నవని చెప్పి కంటనీరు పెట్టుకొన్నది. 2006 చట్టం ప్రకారం పద్ధెనిమిది నిండకుండా ఆడపిల్ల పెండ్లి నేరమని అందరికీ తెలుసు. అయితే ఇరవై ఏండ్ల అక్క ఆ ఇంటి గడప తొక్కి చట్టం చదివితే తలుపు మూసుకొంటుంది. మా బడిలోని సీనియర్ టీచరమ్మ, పిల్లలందరికీ ఆపా, ఆ రోజు వరండాలో ఉన్నది. "నువ్వు పోకు బేటీ, నేను వస్త. ముందుగాల తల్లితోని కూసుందాం. ఆమె దిల్‌ల ఏమున్నదో అడుగుదాం" అన్నది. ఇద్దరూ కలిసి మూడుసార్లు పోయినారు. తల్లి భయం కట్నం గురించి కాదు. ట్యూషన్‌నుండి పిల్ల చీకట్లో రావడం గురించి. ట్యూషన్ వేళ మార్చినారు. పిల్ల పది పరీక్షలు రాసింది. ఆ పైన ఏమవుతుందో మేము హామీ ఇవ్వలేము.

ఒకసారి ఆట కూడా ఆడినాము. ఒకరు పిల్లవాడు, ఒకరు రహబర్. బడి మానుతానని వచ్చిన పిల్లవాడితో ఏమి మాట్లాడవలె? మమ్మల్నే రహబర్‌గా నిలబెట్టినారు. ఇరవై ఏండ్ల అనుభవమున్న ఉపాధ్యాయులము గదా అని ధీమాగా మొదలుపెట్టినాము. ఆరు నిమిషాలు అయిన తర్వాత ఒక అమ్మాయి గడియారం చూపి, "సార్, పిల్లగాడు ఇంకా ఒక్క మాట అనలే" అన్నది. అందరూ నవ్వినారు. మేమూ నవ్వినాము గాని, ఆ రాత్రి తరగతి గదిలో మా గొంతు ఎంతసేపు వినిపిస్తుందో లెక్కవేసుకొన్నాము.

శిక్షణ ఒకసారితో ఎందుకు తీరదో ఇంకొక కారణం చెప్పుతాము. లోకం నిలిచి ఉండదు. 2021లో శిక్షణ పొందిన రహబర్, ఏడవ తరగతి పిల్లవాడి తల్లికి కేంద్ర ప్రభుత్వపు ప్రీమెట్రిక్ స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు పెట్టుమని చెప్పేవాడు, అది సరియే. 2022–23 నుండి అది తొమ్మిది, పది తరగతులకే అన్నారు. మౌలానా ఆజాద్ ఫెలోషిప్ కూడా 2022లో ఆగిపోయింది. పదవ తరగతి పరీక్షలు పదకొండు పేపర్లనుండి ఆరుకు మారినవి. ఈ సంగతులు తెలియని రహబర్ పాత మాట చెప్పితే, ఆ తల్లి ఒకరోజు కూలి పోగొట్టుకొని మీ సేవ చుట్టూ తిరుగుతుంది. ఆమె తప్పుపట్టేది ప్రభుత్వాన్ని కాదు, రహబర్‌ను.

కొన్ని సంగతులు ఇంకా బరువైనవి. 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజులలో మన రాష్ట్రంలో ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకొన్నారు. ఆ వార్త చదివి మనమందరం దుఃఖించినాము. ఫలితాల వారంలో పిల్లవాడు, ఇంకెందుకు బతకాలె అన్నాడనుకోండి. రహబర్ దానిని ఊరికే అన్న మాట అని వదలరాదు, రహస్యమని దాచరాదు, ఒంటరిగా మోయరాదు. పిల్లవాణ్ణి ఒంటరిగా వదలకుండా ఇంటివారికీ మనకూ వెంటనే చెప్పవలె. 2022 అక్టోబరునుండి టెలి మానస్ అనే ఉచిత సహాయ ఫోను 14416 ఉన్నది, తెలుగులో మాట్లాడుతారు. అట్లాగే పిల్లమీద ఎవరైనా చెయ్యరాని పని చేసినారని తెలిస్తే, 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరవలె. గల్లీ పెద్దలు కూర్చొని సర్దుబాటు చేసే విషయం కాదది. పిల్లల సహాయానికి 1098 ఉన్నది. రహబర్, పిల్లవాడు కలిసేది పదిమందికి కనబడేచోటనే అన్న నియమం కూడా అందుకే. మనవాళ్ళమీద అనుమానంతో కాదు, వాళ్ళ పేరు కూడా భద్రంగా ఉండవలెనని. ఇవన్నీ ఒకసారి కాగితంమీద రాసి ఇస్తే చాలదు. ఆరు నెలలకొకసారి తిరిగి మాట్లాడుకొంటేనే, అవసరమైన రాత్రి గుర్తుకు వస్తవి.

మనకు దగ్గరలోనే దీనికి పెద్ద నిదర్శనం ఉన్నది. ఆచార్య శాంతా సిన్హా గారి ఎం.వి. ఫౌండేషన్ రంగారెడ్డి జిల్లా పల్లెలలో 1991 నుండి పిల్లలను పనినుండి బడికి తెచ్చే పని చేసింది. 2003లో ఆమెకు మెగసెసె అవార్డు వచ్చింది. ఆ పని చేసినది పట్నంనుండి దిగిన పండితులు కాదు, ఆ ఊళ్ళ యువకులే. ఇంట్లో మొదటిసారి చదువుకొన్నవారు చాలామంది. వాళ్ళను ఒక శిబిరంతో వదిలిపెట్టలేదు. మళ్ళీ మళ్ళీ కూర్చోబెట్టి, ఏ ఇంట్లో తండ్రి ఒప్పుకోలేదు, ఏ పిల్ల తిరిగి పనికి పోయింది అని మాట్లాడుకొనే అలవాటు చేసినారు. ప్రభుత్వ ఉపాధ్యాయులు కూడా బాలకార్మిక విమోచన వేదిక పేర వాళ్ళ పక్కన నిలబడినారు. ఉపాధ్యాయులము గనుక ఈ చివరి మాట కొంచెం గర్వంగానే చెప్పుతున్నాము.

దీనికి తిరగబడిన ఉదాహరణ కూడా ఉన్నది. 1990 దశకంలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమంలో లక్షలమంది వాలంటీర్లు రాత్రిబడులు నడిపినారు. నెల్లూరు జిల్లాలో ఆ చదువే 1992లో దూబగుంట ఆడవాళ్ళను సారాయి దుకాణం ముందు నిలబెట్టింది, 1993 అక్టోబరు 1నాటికి రాష్ట్రమంతటా సారాయి నిషేధం వచ్చింది. అంతటి బలం వాలంటీరుది. అయితే ఉద్యమం చల్లబడి, వాలంటీర్లను అడిగేవారు లేక, కేంద్రాలు మూతపడినచోట నేర్చుకొన్నవారు ఎందరో మళ్ళీ వేలిముద్రకే తిరిగిపోయినారు.

మన హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం 1904లో మొదలైంది, నేటికీ ఉన్నది. ఆ ప్రారంభోత్సవంలో ఎవరేమి మాట్లాడినారో మనకు పట్టింపు లేదు. నూరేండ్లకు పైగా ఎవరో ఒకరు వచ్చి తాళం తీసినారు, అది చాలు.

ఇక ఖర్చు మాట. కోశాధికారి సాబ్ మావైపు చూస్తున్నారు గనుక అదీ చెప్పుతాము. నెలకొకసారి కూర్చోవడానికి కావలసినది చాయ్, బిస్కట్లు, కరీమాబాద్ నుండి, కాజీపేట నుండి వచ్చే పిల్లలకు ఆటోచార్జీలు. అదిగాక రహబర్ ఎప్పుడు ఫోను చేసినా ఎత్తే ఒక మనిషి. ఆ మనిషి దొరకడమే కష్టం. వాట్సప్ గ్రూపు ఉన్నది గదా అని ఒక మిత్రుడన్నారు. ఉన్నది. పొద్దున లేస్తే అందులో శుభాకాంక్షలు, పూల బొమ్మలు వస్తవి. ఫైనాన్సువాడు గడప దగ్గర నిలబడిన మాట ఎవరు రాస్తారు అందులో? ఈ సభ షామియానాకు, మైకుకు, షీల్డులకు అయిన ఖర్చు ఎంతో మాకు తెలియదు, అడగము. ఈ సంచికలో వెనక అట్టమీది ప్రకటన సొమ్ము వేరుగా పెట్టినా ఒక సంవత్సరం వరండా నడుస్తుందని మాత్రం మా అంచనా.

కావున కమిటీకి మా మనవి ఇది. ఈ సంవత్సరం కొత్త రహబర్లను తీసుకొనే ముందు, ఉన్నవారిని నెలనెలా కూర్చోబెట్టే బాధ్యత పేరుపెట్టి ఇద్దరికి అప్పగించండి. ఒకరు మగవారు, ఒకరు ఆడవారు. ఆపా ఒప్పుకొన్నారు. ఇరవైమంది వద్దు, ఎనిమిదిమంది చాలు. ఒక సంవత్సరం నిలబడగలము అన్నవారినే తీసుకొందాము. మానవలసి వస్తే, పెండ్లి అయితేనో, హైదరాబాదులో ఉద్యోగం వస్తేనో, గల్ఫ్ వీసా వస్తేనో, తప్పేమీ లేదు. పిల్లవాడికి ముఖాముఖి చెప్పి, ఇంకొక అన్న చేతికి అప్పగించి పోవలె. ఈ ఒక్క మాట బ్యాడ్జి ఇచ్చేరోజే చెప్పుదాము.

ఆ డిగ్రీ అబ్బాయి ఇప్పుడు ఎనుమాముల మార్కెట్‌లో ఒక కమీషన్ దుకాణంలో లెక్కలు రాస్తున్నాడు. పోయిన నెల వరండాకు వచ్చినాడు. ఏమీ మాట్లాడలేదు, వెనక గోడకు ఆనుకొని విన్నాడు. పోతూ పోతూ ఆ షెడ్డు ఇప్పుడు ఎక్కడున్నదని మమ్మల్ని అడిగినాడు. రంగశాయిపేట రోడ్డుమీద అని చెప్పినాము. వచ్చే రెండవ ఆదివారం అసర్ తర్వాత మా బడి గేటు తెరిచి ఉంటుంది. మీలో ఎవరికి వీలైతే వారు రండి, చాయ్ మేము పెట్టిస్తాము.